జావ మానిన పిట్టలు

అత్తగారు జారిపడిన పూట కోడలు కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే మిషను ముందు కూర్చుని ఉంది. ఆ చప్పుడులో ఫోను మోగినా వినపడక, యజమాని వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది. పక్కింటావిడ చెప్పింది విని, ఏప్రన్ కూడా విప్పకుండా ఆస్పత్రికి పరుగెత్తింది. పెరట్లో పంజరాల ట్రేలు కడుగుతూ, సబ్బునీళ్ల మీద కాలు జారి, ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపి పడిందట. బరువంతా ఆ చేతుల మీదే పడి రెండు మణికట్లూ విరిగాయి.

కోడలు వెళ్లేసరికి మోచేతుల దాకా తెల్లటి కట్లు వేసి, మంచం మీద కూర్చోబెట్టి ఉన్నారు. ఆవిడ ఏడవడం లేదు, మూలగడం లేదు. కోడల్ని చూడగానే అడిగిన మొదటి మాట, "పిల్లలకి మధ్యాహ్నం జావ ఎవరు పడతారు?"

ఏ పిల్లలు అని కోడలు ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ ఇంట్లో పిల్లలు లేరు. తర్వాత తట్టింది, వెనక గదిలో అట్టపెట్టెలో ఉన్న మూడు పిట్ట పిల్లల గురించి ఆవిడ అడుగుతోందని.

పిట్టలు పెంచడం అత్తగారికి పెళ్లికాక ముందు నుంచీ ఉన్న పిచ్చి. ఆవిడ పెంచేవాటిని కాకటీల్ అంటారు. చిలకకి వేలువిడిచిన చెల్లెల్లా ఉంటాయి. తల మీద తురాయి, చెంపల మీద ఎవరో తొందరలో రంగు అద్ది పోయినట్టు నారింజ చుక్కలు. కోడలు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి చెబితే షాపు యజమాని సగం సగం విని, మీ అత్తగారు ఇంట్లోనే కాక్‌టెయిల్ కలుపుతారా, మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు అని అడిగాడు. మామూలుగా ఆ పిట్టలు తమ పిల్లల్ని తామే మేపుకుంటాయి. ఈసారి ఏం బుద్ధి పుట్టిందో, తండ్రి పిట్ట పిల్లల వీపుల మీద అప్పుడే మొలుస్తున్న ఈకలు పీకడం మొదలుపెట్టింది. అందుకని అత్తగారు మూడింటినీ గూట్లోంచి తీసి, పిండి జావ కలిపి చెంచాతో పట్టడం అలవాటు చేసింది.

ఇంతవరకూ కోడలికి ఆ గదితో పని పడలేదు. ఆ మాటకొస్తే అత్తగారితోనూ పెద్దగా పని పడలేదు. కొడుకూ కోడలూ ఆవిడ ఇంట్లోకి మారి రెండేళ్లవుతోంది. ఇద్దరి మధ్య గొడవ లేదు, గొడవ పడేంత చనువూ లేదు. ఒకే మెట్లెక్కి దిగే రెండు వాటాలవాళ్లలా, ఎదురుపడితే ఒకరికొకరు తప్పుకుని దారిచ్చుకునేవాళ్లు. మధ్యలో ఉండాల్సిన మనిషి లారీ డ్రైవరు. బండి ఎక్కాడంటే మళ్లీ ఎప్పటికి ఇంటి గుమ్మం తొక్కుతాడో అతనికే తెలియదు. తల్లి పడిందని తెలిసి ఫోనులో కంగారు పడ్డాడు గానీ, సరుకు దించకుండా వెనక్కి తిరగడం అతని చేతిలో లేదు.

కాబట్టి ఆ సాయంత్రం వంటింట్లో, కుర్చీలో రెండు కట్ల చేతులూ ఒళ్లో పెట్టుకుని అత్తగారు, గిన్నె ముందు కోడలు మిగిలారు.

"థర్మామీటరు పెట్టి చూడు," అంది అత్తగారు. "చేతికి వెచ్చగా తగిలిందని పట్టేశావంటే పిల్ల లోపల కాలిపోతుంది. చల్లారిపోతే అరగదు. మెడ కింద సంచి ఉంటుంది, మింగిందంతా ముందు అందులో చేరుతుంది. అది నిండితే ఆపేయాలి."

అట్టపెట్టె మూత తీయగానే మూడూ ఒక్కసారి పాముల్లా బుసకొట్టాయి. కోడలు చెయ్యి వెనక్కి లాగేసుకుంది. అవి అలాగే బెదిరిస్తాయని, అంతకుమించి వాటి చేతనైంది ఏమీ లేదని అత్తగారు చెప్పింది. మొలుస్తున్న ఈకలు ఇంకా గొట్టాల్లోనే ఉన్నాయి. సగం పిట్ట, సగం ముళ్లపంది. అంచులు వంచిన చెంచా ముక్కుకి తగలగానే మొదటి పిల్ల కుట్టుమిషను సూదిలా తల ఊపుతూ మీదపడి తాగింది. సగం జావ దాని తురాయికీ, కోడలి మణికట్టుకీ అంటింది. రెండోది మధ్యలో నిద్రపోయింది. మూడోది అన్నిటికంటే చిన్నది, చెంచా ఎటుందో వెతుక్కోడానికే చాలాసేపు పట్టింది.

ఆ పూటే పేర్లు కూడా పడ్డాయి. ఆకలేసినా, నిండినా, ఎవరినో నిలదీస్తున్నట్టు ఆగకుండా అరిచేది లాయరు. నిద్రపోయేది మొద్దు. చిన్నది చిటికె. పేర్లు పెట్టింది కోడలే. అత్తగారు అమ్మబోయే పిట్టలకు పేర్లు పెట్టదట, పెడితే పంపడం కష్టమట. అయినా మర్నాటి నుంచి ఆవిడా ఆ పేర్లతోనే పిలిచింది.

పిట్టల పని ఒక ఎత్తు, అత్తగారికి అన్నం పెట్టడం ఒక ఎత్తు. పిట్టలు నోరు తెరిచి మీదపడేవి, ఆవిడ నోరు తెరిచేది కాదు. చెంచా దగ్గరికి రాగానే మొహం అటు తిప్పుకుని, తర్వాత ఇక తప్పదన్నట్టు కొంచెం తెరిచి, మింగి, కిటికీ వైపు చూసేది. మూడు నాలుగు చెంచాలు లోపలికి వెళ్లాయో లేదో, "చాలు" అనేది. కోడలు ఇంకొంచెం అని బతిమాలాలనుకునేది. బతిమాలే అలవాటు లేక, గిన్నె తీసుకుని లేచిపోయేది.

మధ్యాహ్నం అత్తగారికి అన్నం పెట్టడానికి పక్కింటావిడ వచ్చేది గానీ, పిట్టల్ని ముట్టుకునేది కాదు. పగలు మూడింటినీ ఇంట్లో వదిలితే జావ పట్టే చేతులు లేవు. అందుకని కోడలు అట్టపెట్టెను షాపుకి మోసుకెళ్లింది. యజమాని మొదట మొహం చిట్లించాడు. కళ్లు చూపించుకోడానికి వచ్చేవాళ్లు ఈ అరుపులు విని పశువుల ఆస్పత్రి అనుకుంటారన్నాడు. రెండో రోజు ఒక వింత జరిగింది. కోడలు మిషను వేయగానే పెట్టెలోని మూడూ తలలు ఊపడం మొదలుపెట్టాయి. అద్దం అంచు రాయికి తగిలి కీచుమన్నప్పుడల్లా, తమలాంటి పిల్లలే ఎక్కడో తింటున్నాయనుకున్నాయేమో, మూడూ గొంతు కలిపాయి. అది చూసి యజమాని కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పెట్టె మీద వంగి అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత మధ్యాహ్నం జావకి నీళ్లు కాచే పని ఎవరూ అడగకుండానే ఆయనే అందుకున్నాడు. మూడింటిలో మొద్దు తనదేనని, ఇంకెవరికీ మాటివ్వొద్దని కూడా చెప్పి ఉంచాడు.

రోజులు గడిచి ఈకలు విచ్చుకున్నాయి. ఒక ఉదయం లాయరు పెట్టె అంచు మీద నిలబడి, రెక్కలు టపటపలాడించి, తనకే తెలియకుండా గాల్లోకి లేచి, కర్టెన్ కర్రకి తలకిందులుగా వేలాడింది. అత్తగారు కుర్చీలోంచి చూసి నవ్వింది. ఎగరడం వచ్చిందంటే జావ మాన్పించే కాలం వచ్చిందని చెప్పింది. ఈ వయసులో వాటికి తిండి మీద కంటే రెక్కల మీద ధ్యాస ఎక్కువట, జావ తాగబోతే తల విదిలిస్తాయట, కొంచెం బరువు కూడా తగ్గుతాయట. మధ్యాహ్నం జావ ఆపి పొద్దునా సాయంత్రం మాత్రం పట్టమంది. మధ్యలో వాటి ముందు రకరకాలు పెట్టాలి. కొర్ర కంకులు, ఉడికించిన మొక్కజొన్న, తరిగిన పాలకూర, నానబెట్టిన గింజలు. గిన్నెలో కాదు, నేల మీద వెడల్పాటి పళ్లెంలో.

కోడలు పళ్లెం పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మూడూ పళ్లెం చుట్టూ తిరిగాయి. పాలకూర మీద నడిచాయి. మొద్దు మొక్కజొన్నలో పడుకుంది.

"అలా పరీక్ష పెట్టినట్టు చూస్తూ కూర్చుంటే ఎవరు తింటారు?" అంది అత్తగారు. "నీ పని నువ్వు చేసుకో. అవి కొరుకుతాయి, పారేస్తాయి, తొక్కుతాయి. ఒకరోజు పొరపాటున ఒక గింజ లోపలికి పోతుంది. అది రుచిగా ఉంటుంది. అంతే."

"ఆకలి పెడితే తొందరగా నేర్చుకోవా అత్తయ్యా?"

"ఆకలి పెడితే భయం నేర్చుకుంటాయి."

ఆ మాట అంత గట్టిగా చెప్పిన మనిషే తర్వాత ఏం చేసిందో చూస్తే, కోడలికి చాలా రోజులదాకా నమ్మబుద్ధి కాలేదు.

ముందుగా దారికి వచ్చింది మొద్దే. మొక్కజొన్నలో పడుకుని పడుకుని, ఒకరోజు పక్కనున్న గింజను నోట పెట్టుకుంది. దాన్ని చూసి చిటికె కూడా. రెండింటి మెడ కింద సంచీ తడిమితే లోపల గింజలు ఇసక మూటలా తగిలేవి. లాయరు వాటి కంటే చురుకు. పళ్లెం ముందు మొదట కూర్చునేది అదే, కంకిని చీల్చి చెండాడేది అదే. దాని చుట్టూ ఎప్పుడూ పొట్టు కుప్ప. ఇది అన్నిటికంటే ముందు మానేసినట్టుందని వచ్చిన వాళ్లందరూ అన్నారు. కోడలు మాత్రం పొద్దున్నే వంటింటి తూకం మీద పెట్టినప్పుడు అది నిన్నటి కంటే తేలికగా తూగడం చూసింది. సంచి తడిమితే చేతికి ఏమీ తగల్లేదు. అడుగుదామనుకుంది. ఇన్నేళ్లుగా పెంచినావిడ కళ్ల ముందే ఉందిగా, తనకి తోచింది ఆవిడకి తోచదా అనుకుని ఊరుకుంది.

ఊరుకోడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒళ్లు హూనమైపోయింది. పిట్టలకని పోయిన వేళకు బదులు సాయంత్రం షాపులో ఎక్కువసేపు కూర్చుంటోంది. ఇంటికి రాగానే జావ, వంట, ఆవిడకి స్నానం, తల దువ్వడం, బట్టలు. ఒక సాయంత్రం అత్తగారికి అన్నం పెడుతూ పెడుతూ, చెంచా గాల్లో ఉండగానే కళ్లు మూతలు పడ్డాయి. ఉలిక్కిపడి లేచేసరికి చెంచాలోది బల్ల మీద ఒలికిపోయి ఉంది. అత్తగారు కదలకుండా ఆమె మొహంలోకే చూస్తోంది. వెళ్లి పడుకోమంది, తనకి కడుపు నిండిపోయిందంది.

మర్నాడు కోడలు షాపు నుంచి వచ్చేసరికి పళ్లెం దగ్గర రెండే ఉన్నాయి. లాయరుని ఈల మాస్టారు వచ్చి తీసుకెళ్లాడని అత్తగారు చెప్పింది. చెబుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తోంది.

ఈల మాస్టారంటే రెండు వీధుల అవతల సెలూన్ నడిపే మనిషి. కత్తెర ఆడినంతసేపూ ఈల వేస్తూనే ఉంటాడు, అందుకని ఆ పేరు. తన ఈల నేర్చుకునే పిట్ట ఒకటి కావాలని అత్తగారిని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. జావ పూర్తిగా మానకుండా ఎలా పంపారని కోడలు అడిగింది. గింజలు కొరుకుతోందిగా, తింటుందిలే అంది ఆవిడ. కోడలికి పొద్దుటి తూకం గుర్తొచ్చింది. దానితోపాటు, పట్టాల్సిన నోళ్లలో ఒకటి తగ్గిందన్న తేలికదనం కూడా లోపలెక్కడో కదిలింది. అందుకు తన మీద తనకే రోత పుట్టింది. వంటింట్లోకి వెళ్లి రెండింటికి సరిపడా జావ కలిపింది.

ఆ రోజూ, మర్నాడూ గడిచాయి. మూడోనాడు మధ్యాహ్నం, ఒక కళ్లజోడు ఇచ్చి రమ్మని యజమాని పంపితే సెలూన్ ముందు నుంచి వెళ్తోంది. లోపలి నుంచి ఆ గొంతు వినిపించింది. మామూలుగా లాయరు అరుపులో ఒక దబాయింపు ఉంటుంది. ఇది అలా లేదు. సన్నగా, ఒకే తీరున, ఆగితే ప్రాణం పోతుందన్నట్టు సాగుతోంది. కోడలి కాళ్లు వాటంతట అవే లోపలికి తిరిగాయి.

ఈల మాస్టారు ఆమెను చూసి మొహం ఇంత చేసుకున్నాడు. కుర్చీలో ఒకాయన సగం తల కత్తిరించుకుని కూర్చుని ఉన్నాడు. అద్దం పక్కన కొత్త పంజరం, దానికి గంట, ఊయల, రంగురంగుల బొమ్మలు. నిన్నటి నుంచీ ఒకటే పాట అక్కా, నా ఈలకి వంత పాడుతూనే ఉంది, నోరు మూయడంలేదు అని గొప్పగా చెప్పుకొచ్చాడు.

పిట్ట ఊయల మీద లేదు. పంజరం అడుగున ఒక మూల, ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి కూర్చుని ఉంది. గింజల గిన్నె నిండుగానే ఉంది. కోడలు గిన్నె తీసి నోటితో ఊదింది. పైనున్నదంతా పొట్టు, గాలికి లేచి అద్దం మీద పడింది. పొట్టు ఒలిచి మింగకుండా వదిలేసిన గింజలన్నీ అడుగునే ఉన్నాయి. పిట్టని చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక చాకు అంచులా తగిలింది.

"ఇది పాట కాదండీ," అంది. "ఆకలి."

ఈల మాస్టారి చేతిలో కత్తెర ఆగిపోయింది. మనిషి మొహం చూస్తుండగానే వాడిపోయింది. గింజలు ఒలుస్తుంటే తింటోందనే అనుకున్నానని, రెండు రోజులూ దాని అరుపుకి తను ఈలతో జవాబు చెబుతూ కూర్చున్నానని గొణిగాడు. తర్వాత పిట్టని మెత్తటి టవల్లో చుట్టి, తన స్కూటరు తీశాడు. కుర్చీలో ఆయన, నా సంగతేంటని అడిగితే, కాసేపు పేపరు చదవమన్నాడు.

ముందు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన చూసి, వెచ్చగా ఉంచి పల్చటి జావ కొంచెం కొంచెంగా పట్టమన్నాడు. ఒక్కసారిగా పట్టొద్దని, ఈ పూట గడిస్తే ఫర్వాలేదని చెప్పాడు. ఇంటికి తెచ్చేసరికి అది అరవడం కూడా మానేసింది. అత్తగారు టవల్లోంచి బయటికి కనిపిస్తున్న తురాయిని చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు కట్ల చేతులూ ముందుకు వచ్చాయి, ఏమీ పట్టుకోలేక గాల్లోనే నిలిచాయి.

"నీళ్లు ఇంకొంచెం పొయ్యి," అంది. "చెంచాతో వద్దు. చుక్క చుక్కగా ముక్కు పక్కన వెయ్యి. మింగిందాకా ఆగు."

కోడలు చుక్క వేసింది. పిట్ట మింగలేదు. రెండో చుక్క పక్కకి కారిపోయింది. మూడో చుక్కకి గొంతు కదిలింది. ఈల మాస్టారు గుమ్మంలో నిలబడి ఊపిరి వదిలాడు. ఇంకా ఉండాలని ఉన్నా, సగం తల మనిషి గుర్తొచ్చి, సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

పిట్ట టవల్ వెచ్చదనంలో కళ్లు మూసుకుంది. వంటింట్లో ఇద్దరే మిగిలారు. అత్తగారు టవల్ మీంచి చూపు తీయకుండా అంది.

"నాకు తెలుసు. దానికింకా టైం పడుతుందని నాకు తెలుసు."

"మరెందుకిచ్చారు?"

"చెంచా చేతిలో పట్టుకునే నిద్రపోయావు నువ్వు. ఒక్క నోరన్నా తగ్గిద్దామనుకున్నాను. నా నోరు తగ్గించలేనుగా."

కోడలు ఆవిడ వైపు తిరిగి చూసింది. ఆ చూడటంలోనే కనబడింది, జాకెట్టు భుజాల దగ్గర ఎంత వదులైపోయిందో, మెడ ఎముకలు ఎలా పైకి తేలాయో. రోజూ స్నానం చేయిస్తున్న మనిషి, రోజూ తల దువ్వుతున్న మనిషి. పిట్టల్ని పొద్దున్నే తూచింది, ఈవిడని చూడలేదు.

"తగ్గిస్తూనే ఉన్నారుగా," అంది. "మూడు చెంచాలకే చాలంటారు. నేనూ మాట్లాడకుండా లేచిపోతున్నాను. ఇకమీదట మీరు చాలంటే నేను వినను అత్తయ్యా. కడుపు నిండిందంటేనే వింటాను."

"ఒకళ్ల చేత తినిపించుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు."

"తినిపించడం మాత్రం సుఖంగా ఉందా? మీరు మొహం అటు తిప్పుకుంటుంటే, విషమేదో పెడుతున్నట్టుంటుంది నాకు."

అత్తగారు ఏమనబోయిందో గానీ, ముందు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు లేవు. కోడలే తన ఏప్రన్ కొసతో తుడిచింది, అది జావ మరకల ఏప్రనే అయినా ఆవిడ మొహం తిప్పుకోలేదు. ఆ రోజు గిన్నెలో అన్నం అడుగంటా ఖాళీ అయింది.

లాయరు గండం గడిచింది. అయితే అన్నీ మొదటికి వచ్చాయి. మళ్లీ మూడు పూటలా జావే. కంకి చూపిస్తే వెనక్కి నడిచేది. పళ్లెం దగ్గర మొద్దూ చిటికె తింటుంటే వెళ్లి వాటి ముందు నోరు తెరిచేది, అవే పెడతాయేమోనన్నట్టు. మధ్యాహ్నం జావకి ఈల మాస్టారు సెలూన్ మూసి వచ్చేవాడు. మొదటి రోజు చెంచా పట్టుకున్న చెయ్యి వణికింది. రోజూ మనుషుల గొంతుల మీద కత్తి ఆడించే చేతికి ఈ వణుకేంటని అత్తగారు వేళాకోళం చేస్తే, గొంతులు అరవవు కదా పెద్దమ్మా, ఇది అరుస్తుందే అన్నాడు. సంచి తడిమి చూడటం, పొట్టు ఊదిచూడటం, తూకం వేయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఒకరోజు పిట్టకి పట్టడం అయ్యాక, పెద్దమ్మకి కూడా నేనే పెట్టనా అని అడిగి, ఆవిడ చూసిన చూపుకి చెంచా కింద పెట్టేశాడు.

ఈలోగా కోడలికి ఒక ఆలోచన వచ్చింది. కట్ల చివర్ల నుంచి అత్తగారి వేళ్లు బయటికే ఉన్నాయి. వాపు తగ్గింది గానీ, సన్నటి చెంచా కాడ పట్టుకుంటే జారిపోతోంది. షాపులో మూలపడ్డ పాత మిషనుకి లావాటి రబ్బరు పిడి ఉంది. యజమానిని అడిగి తెచ్చి, అందులో చెంచా కాడ దిగ్గొట్టింది. ఆ సాయంత్రం అన్నం, ఉడికించిన కూరముక్కలు, మొక్కజొన్న గింజలు పళ్లెంలో పెట్టి, పక్కన ఆ చెంచా పెట్టి, బట్టలు ఆరేయాలని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆరేయడానికి రెండు తువ్వాళ్లు తప్ప ఏమీ లేవు. వాటినే మూడుసార్లు దులిపింది. లోపల చెంచా పళ్లేనికి తగిలిన చప్పుడు, కింద పడ్డ చప్పుడు, ఏదో గొణుగుడు, మళ్లీ చప్పుడు. వెళ్లాలనిపించినా వెళ్లలేదు.

చివరికి తలుపు వారగా తొంగిచూసింది. బల్ల మీద సగం అన్నం చెల్లాచెదురుగా ఉంది, కట్ల మీద కూడా మెతుకులు. అత్తగారు నాలుక కొంచెం బయటపెట్టి, చెంచాని రెండు చేతుల మధ్య ఇరికించుకుని, ఇంకో ముద్ద పైకెత్తుతోంది. ఆవిడకి ఎదురుగా బల్ల మీద లాయరు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చి వాలిందో. తల ఒక పక్కకి వంచి, ఆవిడ నోటిని, చెంచాని, పళ్లేన్ని మార్చిమార్చి చూస్తోంది. చెంచా లోంచి మొక్కజొన్న గింజొకటి జారి దాని కాళ్ల దగ్గర పడింది. లాయరు వంగి దాన్ని నోట పెట్టుకుంది. అటూ ఇటూ దొర్లించింది. పారేస్తుందనుకుంది కోడలు. పారేయలేదు. గొంతు కదిలింది. తర్వాత ఒక మెతుకు. తర్వాత ఇంకో గింజ కోసం నేరుగా పళ్లెం అంచు ఎక్కింది.

అత్తగారు తలెత్తలేదు. పిట్టను చూడనట్టే, తన ముద్ద తను నోట్లో పెట్టుకుని నమిలింది. గుమ్మంలో కోడలున్నట్టు ఆవిడకి తెలుసు. కళ్లతో మాత్రం, కదలొద్దని సైగ చేసింది. కోడలు తడి తువ్వాలు గుండెలకి హత్తుకుని అలాగే నిలబడింది. ఆ తువ్వాలు తడికి తన బట్టలన్నీ తడిశాయని తర్వాతెప్పటికో గాని తెలియలేదు.

చీకటి పడేముందు లాయరు సంచి తడిమితే గింజలు తగిలాయి. తక్కువే, అయినా అది తనంతట తను తిన్నది. ఆ తర్వాత ఏ పూట అత్తగారు పళ్లెం ముందు కూర్చున్నా లాయరు ఎదురుగా హాజరు. పెద్దలాయరూ చిన్నలాయరూ కేసు వాదించుకుంటున్నట్టుంది అన్నాడు సరుకు దించి ఇల్లు చేరిన కొడుకు. తల్లి తన చేత్తో తను తినడం చూసి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న రెండు రోజులూ బల్ల తుడిచే పని తనే చేశాడు. పిట్టల దగ్గరికి మాత్రం రాలేదు. అంత పెద్ద లారీ నడిపేవాడికి ఆ ముక్కులంటే భయం.

సాయంత్రం జావ కూడా ఆపాల్సిన రోజు దానంతట అదే వచ్చింది. కోడలు జావ కలిపి, వేడి చూసి, చెంచా ముందు పెడితే లాయరు మర్యాద కోసమన్నట్టు ఒక్క గుటక వేసింది. తల విదిలించి మిగతాదంతా ఆమె మొహాన చిమ్మి, కంకి మీదికి ఎగిరిపోయింది. కోడలు గోరువెచ్చటి గిన్నె పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తప్పించుకోవాలని ఎన్నిసార్లో అనుకున్న పనే. తీరా తప్పాక చేతులకి ఏం తోచలేదు.

మొద్దు షాపు యజమాని దగ్గరికి వెళ్లింది. చిటికె ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరో అడిగితే, అది అమ్మడానికి కాదని కోడలి కంటే ముందు అత్తగారే చెప్పేసింది. లాయరుని తీసుకెళ్లడానికి ఈల మాస్టారు వచ్చినప్పుడు, ఆవిడ అతని చేత సంచి తడిమించి, నిన్నటి తూకం, ఇవాళ్టి తూకం చెప్పించి గాని పంపలేదు. పంజరం అడుగున వెడల్పాటి పళ్లెం పెట్టాడా లేదా అని మర్నాడు కోడలు వెళ్లి చూసొచ్చింది. పెట్టాడు. పక్కన తన టిఫిన్ డబ్బా కూడా పెట్టుకుని, పిట్టతో కలిసి తింటున్నాడు.

కట్లు తీశాక అత్తగారి చేతులు చాలాకాలం బలహీనంగానే ఉన్నాయి. చెంచా, గ్లాసు పట్టుకోగలదు గానీ తల వెనక్కి చేతులెత్తి జడ వేసుకోలేదు. కోడలే వేసేది. ఒకరోజు ఆవిడ ఉన్నట్టుండి, ఈ జుట్టు కత్తిరించేసుకుంటాను, పద అని లేచింది. ఆడవాళ్ల జుట్టు తనకి చేతకాదని ఈల మాస్టారు ఎంత చెప్పినా వినకుండా సెలూన్ కుర్చీలో కూర్చుంది. అతను దేవుడి మీద భారం వేసినట్టు కత్తెర అందుకున్నాడు. లాయరు పంజరం బయట, అద్దం పైన కూర్చుని ఉంది. ఒళ్లంతా నున్నగా నిండింది. మాస్టారు అలవాటుగా ఈల ఎత్తుకున్నాడు, సగంలో ఆపాడు. పైనుంచి మిగతా సగం వచ్చింది, కొంచెం పెడసరంగా, చివర ఒక మలుపు సొంతంగా కలిపి.

జుట్టు మెడ దాకా వచ్చింది. అత్తగారు అద్దంలో ఇటూ అటూ తిరిగి చూసుకుని, ఎలా ఉందని కోడల్ని అడిగింది.

"ఎడమ పక్క కొంచెం పొడుగుంది," అంది కోడలు ఉన్నదున్నట్టు. "అయినా బావుంది."

ఎడమ పక్క సరిచేశాక ఇద్దరూ బయటికొచ్చారు. దారిలో కూరగాయలు తీసుకున్నారు. సంచి నిండింది. కోడలు ఎత్తుకోబోతుంటే అత్తగారు ఆగమని, సంచికున్న రెండు చెవుల్లో ఒకటి తన వేళ్లకి తగిలించుకుని, రెండోది ఆమెకిచ్చింది. బరువు మధ్యలో ఊగుతుంటే, అడుగులు కలవక మొదట తడబడ్డారు. నువ్వు తొందరగా నడుస్తావని అత్తగారు, మీరే మధ్యలో ఆగుతున్నారని కోడలు. సందు మలుపు దాకా అదే వాదన. మలుపు తిరిగాక, సాయంత్రం ఏం వండుకుందామన్న దాని మీదికి మాట మళ్లింది.